ఒకటో నంబరు రాలేదు

చినగెడ్డవలస ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతున్న అలజంగి నూకరత్నం జూన్ పన్నెండో తేదీ నుంచి బడికి రావడం మానేసింది. ఈ సంగతి ఆమెకు బళ్ళోనే, మొదటి బెంచీలో, లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని ఉండగా తెలిసింది.

చెప్పినవాడు అటెండరు తవుడు. హాజరు కాగితం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఒకటో నంబరు రాలేదు" అని చదివాడు. చదివాక తలెత్తాడు. ఒకటో నంబరు ఎదురుగా కూర్చుని ఉంది. మళ్ళీ కాగితం చూశాడు. అందులో లేదు.

"నువ్వొచ్చినావేటే?" అని అడిగాడు.

రత్నం తలూపింది. ఆ పిల్ల పెద్దగా మాట్లాడదు. పేరు పిలిస్తే 'హాజరండీ' అనడానికి కూడా ఊపిరి కూడదీసుకోవాల్సి వచ్చేది. అందుకే కిందటేడు బడికి వేలిముద్రల యంత్రం వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆమే. నోరు విప్పక్కర్లేదు. పొద్దున్నే వేలు పెడితే అది కుయ్‌మంటుంది, పని అయిపోతుంది.

"వేలెట్టినావా?"

తలూపింది.

"కుయ్‌మన్నాదా?"

మళ్ళీ ఊపింది.

తవుడికి చిక్కొచ్చిపడింది. ఒక పక్క పిల్ల, ఒక పక్క కాగితం. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇలాంటి తగువులు ఎన్నో చూశాడు. ఎప్పుడూ కాగితమే నెగ్గింది. "రాలేదులే" అని తీర్పు చెప్పి, తొమ్మిదో తరగతి వైపు వెళ్ళిపోయాడు.

సాయంత్రం జీడి బట్టీ నుంచి వచ్చిన తండ్రి అప్పన్న ఫోను తీసి చూశాడు. 'మీ అమ్మాయి నూకరత్నం ఈ రోజు బడికి రాలేదు' అని ఉంది.

"బడికెల్లకుండా ఎక్కడికెల్లినావే?" అన్నాడు.

"బడికే ఎల్లినానయ్యా."

"మరిదేటి?"

పక్కింట్లోంచి దమయంతి పరుగెత్తుకొచ్చి సాక్ష్యం చెప్పింది. దమయంతిది రెండో నంబరు, రత్నం పక్కనే కూర్చుంటుంది. రత్నం మాట్లాడని మాటలన్నీ కూడా తనే మాట్లాడుతుంది. "ఒట్టు మాఁవా, నా పక్కనే కూకుంది. నా పెన్సిలు కూడా తీసుకుని ఇవ్వలేదు" అంది. అప్పన్న నమ్మాడు. కానీ మర్నాడూ అదే కబురు వచ్చింది. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి కబురు చదవడం మానేసి, ఫోను మోగిన తీరును బట్టే "ఇదిగో, మీ గుంట బడికి రాలేదట" అని భార్యకు చెప్పి స్నానానికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు.

అసలు జరిగిందేమిటంటే, వేసవి సెలవుల్లో జిల్లాలోని హాజరు యంత్రాలన్నిటికీ కొత్త డ్రైవరు ఎక్కించారు. డ్రైవరంటే యంత్రానికీ కంప్యూటరుకూ మధ్య కబుర్లు మోసే ప్రోగ్రాము. పాతది బాగా పనిచేసేది. దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదులే లేని వస్తువును ఎంతకాలమని అలా వదిలేస్తారు? మెరుగుపరిచారు.

రత్నానికి ఇవేవీ తెలియవు. ఆమెకు ఒక రఫ్ నోటుబుక్కు ఉంది. నోటితో చెప్పలేనివి అందులో రాసుకుంటుంది. దాని చివరి పేజీల్లో రోజూ రెండు గీతలు గీయడం మొదలుపెట్టింది. ఒక పక్క నిజంగా రానివాళ్ళ నంబరు, రెండో పక్క తవుడు చదివిన నంబరు. ఇటు పదిహేడు ఉన్న రోజు అటు పద్దెనిమిది ఉంది. ఇటు ఇరవై ఆరు ఉంటే అటు ఇరవై ఏడు. మూడు వారాలు చూసింది. ఒక్కరోజు కూడా తప్పలేదు. యంత్రం అబద్ధం చెప్పడం లేదు. ఎవరి హాజరును వాళ్ళ పక్కవాళ్ళకు వేస్తోంది, అంతే. దమయంతి హాజరు అనుకుంటున్నది రత్నం హాజరు. రత్నానికి ముందు ఎవరూ లేరు గనక, ఆమెకు వేయడానికి ఏమీ లేదు.

ఆ నోటుబుక్కు లెక్కల టీచరు సుమిత్ర బల్ల మీద పెట్టి, ఏమీ చెప్పకుండా వెనక్కి వచ్చి కూర్చుంది. సుమిత్ర టీచరు పేజీలు రెండుసార్లు తిప్పి, నోటుబుక్కుతో సహా హెడ్మాస్టారు గదికి వెళ్ళింది.

హెడ్మాస్టారు జగ్గారావు గారు మంచివారు. పిల్లల్ని కొట్టరు, టీచర్లను తిట్టరు. పై నుంచి వచ్చే కాగితాలకు మాత్రం భయపడతారు. అయినా ధైర్యం చేసి జిల్లా కార్యాలయానికి ఉత్తరం రాశారు. పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. కింద సంతకం జిల్లా యంత్రహాజరు పర్యవేక్షణాధికారి విశ్వంభరరావు గారిది.

'పై విషయమై తెలియజేయునది ఏమనగా, యంత్రము నమోదు చేసినదే వాస్తవము. వాస్తవమునకు విరుద్ధముగా తరగతి గదులయందు కనబడుచున్న విద్యార్థులను వెంటనే సరిచేసి, సరిచేసినట్లు మూడు ప్రతులలో నివేదించవలెను.'

హెడ్మాస్టారు దాన్ని టీచర్లందరికీ చదివి వినిపించారు.

"పిల్లని ఎలా సరిచేస్తామండీ?" అంది సుమిత్ర టీచరు.

"అదే ఆలోచిస్తున్నానమ్మా. మూడు ప్రతుల్లో అన్నారు కదా, కార్బన్ కాగితాలు ఉన్నాయా లేవా అని."

మొదట సరిచేసింది మధ్యాహ్న భోజనం దగ్గర. కోడిగుడ్లు హాజరు కాగితాన్ని బట్టి వస్తాయి. వంటమ్మ కాగితం చూసి పేరు పేరునా గుడ్డు వేసేది. ఒకటో నంబరుకు గుడ్డు లేదు. పదిహేడో నంబరు రామినాయుడు జ్వరంతో ఇంట్లో పడుకుంటే, ఎదురుగా కంచం పట్టుకుని నిలబడ్డ పద్దెనిమిదో నంబరు పద్మకు గుడ్డు ఆగిపోయింది.

"నానిక్కడే ఉన్నాను కదా అప్పా!" అంది పద్మ, వంటమ్మతో.

"ఉంటే ఉండేవు. కాగితంలో లేవు. నన్నేటి సెయ్యమంటావు?"

ఆ కబురు ఇంటికి చేరింది. పద్మ తల్లి తిన్నగా రామినాయుడి ఇంటికి వెళ్ళి, వాళ్ళమ్మ మీద కేకలేసింది. "మీ గుంటడికి జొరమొస్తే మా గుంటకి గుడ్డు లేదట! మందేసినావా? మిరియాల చారెట్టినావా?" అని అడిగి, లేదనేసరికి తనే ఇంటికి పోయి చారు కాచి తెచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా మంచం దగ్గరే కూర్చుంది. మూడో రోజున రామినాయుడు బడికి వచ్చాడు. పద్మ హాజరైంది.

అంతే, ఊరికి కిటుకు తెలిసిపోయింది. మన పిల్ల హాజరు కావాలంటే మన పిల్లను పంపడం దండగ. ముందు నంబరు పిల్లను పంపాలి. తెల్లవారేసరికి తల్లులందరూ సొంత ఇళ్ళు వదిలి ముందు నంబరు ఇళ్ళ మీద పడడం మొదలుపెట్టారు. ఎవరో వచ్చి ఎవరి పిల్లనో నిద్ర లేపేవారు, జడ వేసేవారు, సంచీ సర్దేవారు. పెళ్ళిళ్ళకు వెళ్ళాలంటే వెనక నంబరు వాళ్ళను అడిగి వెళ్ళాల్సి వచ్చింది. పిల్లను మేనమామ ఇంటికి రెండు రోజులు పంపుదామనుకున్న ఒకావిడ గుమ్మానికి అడ్డంగా, వెనక నంబరు పిల్లవాడి నాయనమ్మ కర్ర పట్టుకుని కూర్చుంది.

అందరికంటే బాగా అర్థం చేసుకున్నవాడు ముప్ఫై ఎనిమిదో నంబరు భాస్కర్. లెక్కల్లో ఎప్పుడూ పది మార్కులు దాటనివాడు ఈ లెక్క మాత్రం సెకనులో పట్టేశాడు. అతని వెనక ఎవరూ లేరు. కాబట్టి అతను వచ్చినా రాకపోయినా ప్రపంచంలో ఎవరికీ ఏమీ కాదు. ముప్ఫై ఏడో నంబరు మోహిని వస్తే చాలు. వారానికి రెండు మూడు రోజులు పొద్దున్న మోహిని సంచీ మోసుకుంటూ బడి గేటు దాకా తెచ్చి దింపి, "బాగా సదువుకో" అని దీవించి, గెడ్డకు చేపలు పట్టడానికి పోయేవాడు.

రత్నం భాగానికి వచ్చింది దమయంతి తల్లి ఎర్రమ్మ. తన కూతురి హాజరంతా రత్నం వేలి మీద ఆధారపడి ఉందని తెలిశాక ఆవిడ ఆ వేలిని కంటికి రెప్పలా చూసుకుంది. పొద్దున్నే చోడి అంబలి చెంబుతో వచ్చేది. వాన పడితే గొడుగు తెచ్చేది. రత్నం తుమ్మితే ఆవిడ గుండె ఆగేది.

"ఓలమ్మా, తుమ్మినావేటే! రాత్రి తడి జుట్టుతో పడుకున్నావా? గౌరప్పా, పిల్లనిలాగేనా సూసుకోడం?"

"మరి మా గుంటనెవులు సూస్తారే ఎర్రమ్మా?" అంది రత్నం తల్లి గౌరమ్మ. "అందరికీ ముందోలున్నారు. దీనికెవులున్నారు?"

ఆ మాటే అడగడానికి గౌరమ్మ ఒకనాడు బడికి వచ్చింది. హెడ్మాస్టారి బల్ల ముందు నిలబడి, "బాబూ, మా గుంటకి ముందు నంబరెవులిదో సెప్పండి. ఆలింటికెల్లి కాళ్ళట్టుకుంటాను. రోజూ అంబలి అట్టుకెల్తాను" అంది.

హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సున్నా అమ్మా."

"ఆ సున్నాది ఏ ఊరు బాబూ?"

తలుపు పక్కన నిలబడ్డ రత్నానికి నవ్వు రావాలి. రాలేదు. అమ్మ అప్పటికే కొంగు చివర అంబలి గ్లాసు మూట కట్టుకుని వచ్చింది.

సుమిత్ర టీచరు ఊరుకోలేదు. యంత్రం అడుగున అచ్చువేసి ఉన్న సహాయ కేంద్రం నంబరుకు తొమ్మిది రోజులు ఫోను చేసింది. పదో రోజున ఆ డ్రైవరు రాసిన ఇంజనీరే దొరికింది. పేరు శశిరేఖ. రత్నం నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి పంపితే, అరగంటలో ఆ అమ్మాయే తిరిగి ఫోను చేసింది.

"ఇది రాసిందెవరు మేడమ్?"

టీచరు ఫోను రత్నం చేతికిచ్చింది. రత్నం దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది.

"ఏమ్మా, మీ బళ్ళో కంచాలు పెట్టుకునే అరలున్నాయా?"

"ఊఁ."

"మొదటి అరలో ఎవరి కంచం ఉంటుంది?"

రత్నం ఆలోచించింది. "కంచం ఉండదండి. వంటమ్మ గరిటెలుంటాయి."

"అదీ! యంత్రం మెమొరీ కూడా అలాంటి అరల వరసే. మొదటి అర అది తన సామాను కోసం ఉంచుకుంటుంది. రెండో అర నుంచి మీవి. పాత డ్రైవరు ఒక్కో అర దగ్గరికీ నడిచి వెళ్ళి చూసొచ్చేది, గరిటెల అర వదిలేసేది. ఆలస్యం అవుతోందని, నేను అరల వరస మొత్తాన్ని ఒకేసారి కంప్యూటరు కళ్ళ ముందు పరిచేశాను. పరిచేటప్పుడు గరిటెల సంగతి మర్చిపోయాను. అందుకని అది గరిటెల అర తెరిచి, నీ కంచం లేదంటోంది. నీ అర తెరిచి, దమయంతి వచ్చిందంటోంది. తప్పు నాదేనమ్మా. వెరీ సారీ."

ఇన్ని నెలల్లో తప్పు నాదే అన్న మనిషి ఈవిడొక్కతే. రత్నానికి ఏమనాలో తెలియక, "పర్లేదండి" అంది.

"ఒక్క అంకె మార్చాలి. ఇప్పుడే మార్చేశాను కూడా. కానీ పంపాలంటే మీ జిల్లా సవరణల ఆమోద సంఘం ఒప్పుకోవాలి."

సంఘం ఒప్పుకోలేదు. ఎందుకొప్పుకుంటుంది? చినగెడ్డవలస హాజరు జిల్లాలోనే మొదటి స్థానంలో ఉంది. ఒకరి బిడ్డను ఒకరు బడికి తోలే ఈ ఊరి సంగతి పై వాళ్ళ చెవిన పడి, దానికి 'పొరుగు హాజరు విధానం' అని పేరు కూడా పెట్టేశారు. మిగతా మండలాల నుంచి హెడ్మాస్టర్లు వచ్చి చూసి రాసుకుని వెళ్తున్నారు. బాగా జరుగుతున్నదాన్ని సవరించమంటే ఎవరికి బాగుంటుంది? అయినా అర్జీని తోసిపుచ్చలేదు. నిబంధన పెట్టారు.

'సవరణ కోరుచున్న బాధిత విద్యార్థిని స్వయముగా హాజరై విన్నవించుకొనవలెను. సదరు హాజరు యంత్రముచే ధ్రువీకరింపబడి ఉండవలెను.'

సుమిత్ర టీచరు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. "ఈ పిల్ల వచ్చినట్టు యంత్రం చెప్పడం లేదని అర్జీ పెట్టుకోవాలంటే, వచ్చినట్టు యంత్రం చెప్పాలటండీ" అంది.

"కాగితం స్పష్టంగానే ఉందమ్మా" అన్నారు హెడ్మాస్టారు, దిగులుగా.

నవంబరు వచ్చింది. పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల జాబితా ఇరవై ఐదో తేదీలోగా వెళ్ళాలి. నూటికి డెబ్బై ఐదు వంతుల హాజరు లేనివాళ్ళ పేరు కంప్యూటరే తీసేస్తుంది. జాబితా అచ్చయి నోటీసు బోర్డు మీద పడింది. ముప్ఫై ఏడు పేర్లు. అందులో భాస్కర్ ఉన్నాడు, ఆ సమయానికి గెడ్డలో ఉన్నాడు. జాబితా దమయంతితో మొదలవుతోంది.

"నా పేరు పైనెందుకే ఉన్నాది?" అంది దమయంతి. తర్వాత అర్థమై, జీవితంలో మొదటిసారి మాట్లాడ్డం మానేసింది.

ఆ సాయంత్రం రత్నం నోటుబుక్కులో గీతలు గీయలేదు. 'నేను రోజూ వచ్చాను' అని ఒక్క వాక్యం రాసి, దాని కింది ఖాళీని చాలాసేపు చూసింది. అమ్మ జీడిపిక్కలు ఒలిచి ఒలిచి నల్లబడ్డ వేళ్ళతో అన్నం పెట్టి, "పోనీలే, వచ్చేడు రాద్దువు" అంది. పోనీలే అన్నది మాటే, గొంతు కాదు.

పద్దెనిమిదో తేదీన విశ్వంభరరావు గారు స్వయంగా వచ్చారు. పొరుగు హాజరు విధానానికి షీల్డు ఇవ్వడానికి. మెరుస్తున్న ఆ షీల్డును తవుడు పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెనక నడుస్తున్నాడు. ఆయన పదో తరగతి గుమ్మంలో ఆగి, మొదటి బెంచీ వైపు చూశారు.

"ఈ అమ్మాయి?"

"ఒకటో నంబరండి. రాలేదండి" అన్నారు హెడ్మాస్టారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"జూన్ నుంచండి."

విశ్వంభరరావు గారి ముఖం బరువెక్కింది. రత్నం దగ్గరికి వచ్చి, తండ్రిలా తల మీద చెయ్యి వేశారు. "చూడమ్మా. ప్రభుత్వం మీ నిమిత్తం ఇంత శ్రమ తీసుకొనుచుండగా, నీవొక్కతెవు రాకపోవుట వలన శాతము ఎంత దెబ్బతినుచున్నదో ఎప్పుడైనా ఆలోచించితివా? బడికి ఎందుకు రావడం లేదు?"

ముప్ఫై ఏడు మంది ఊపిరి బిగబట్టారు. నిజానికి ముప్ఫై ఆరు. భాస్కర్ లేడు.

రత్నం చెప్పాల్సింది చాలా ఉంది, నోటుబుక్కు నిండా ఉంది. కానీ గత వారమంతా ఆమె ఒక్క విషయమే ఆలోచించింది. యంత్రంలో పిల్లల వరస ఒక్కటే లేదు. తనిఖీకి వచ్చే అధికారుల వరస కూడా ఉంది. ఆగస్టులో ఈయన పంపిన కాగితం ప్రకారమే తవుడు దాన్ని ఎక్కించాడు, హోదాను బట్టి. దానికీ ఒక గరిటెల అర ఉండి తీరాలి.

ఊపిరి కూడదీసుకుంది. "సార్" అంది. "మీరింకా వేలు పెట్టలేదండి."

హెడ్మాస్టారికి చెమట పట్టింది. విశ్వంభరరావు గారు మాత్రం సంతోషించారు. "చూశారా! రాని విద్యార్థిలో సైతం నిబంధనల పట్ల ఎంత అవగాహన!" అని, వరండాలోకి నడిచి, అందరూ చూస్తుండగా బొటనవేలు ఆనించారు. యంత్రం కుయ్‌మంది.

భోజనాల వేళ. ఆయన పిల్లలతో పాటు నేల మీద కూర్చుంటానన్నారు. వంటమ్మ అన్నం పెట్టింది, పప్పు వేసింది, గుడ్డు దగ్గరికి వచ్చేసరికి కొత్తగా వచ్చిన కాగితం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీ పేరు లేదు బాబూ."

"నా పేరా?"

"మీది రాలేదట. కూర్మనాథం గారని ఒకలొచ్చినారట. ఆరి గుడ్డు తీసి ఉంచినాను. ఆరెక్కడ?"

ఆయన ఇంకా నవ్వుతూనే ఉండగా జేబులో ఫోను కుయ్‌మంది. తీసి చదివారు. 'విశ్వంభరరావు గారు ఈ రోజు తనిఖీకి హాజరు కాలేదు. గైర్హాజరునకు కారణము మూడు దినములలో తెలుపవలెను.' కింద కార్యాలయం పేరు తనదే.

నవ్వు ఆగిపోకముందే ఇంకో ఫోను. ఆయన కింద పనిచేసే కూర్మనాథం గారు. వెనక సన్నాయి వినిపిస్తోంది.

"సార్, నేను చినగెడ్డవలసలో తనిఖీ చేస్తున్నట్టు మెసేజొచ్చింది సార్. నేను సెలవు పెట్టి మా మరదలి పెళ్ళికి వచ్చాను సార్. ఇప్పుడు తాళి కట్టే టైము. ఏం చెయ్యమంటారు సార్, వచ్చెయ్యమంటారా?"

"నేనిక్కడే ఉన్నానయ్యా!"

"యంత్రం నమోదు చేసిందే వాస్తవం కదా సార్" అన్నారు కూర్మనాథం గారు, భయభక్తులతో.

హెడ్మాస్టారు సందర్శకుల పుస్తకం తెచ్చి, పెన్ను మూత తీసి వినయంగా నిలబడ్డారు. ఆయనలో వెటకారం అణువంత లేదు. నిజంగానే తెలియక అడిగారు. "అయ్యా, తమరు రాలేదు కాబట్టి, షీల్డు ఎవరిచ్చినట్టు రాయమంటారు?"

తవుడు ఈలోగా టీ తెచ్చాడు. జరిగింది విన్నాడు. కాగితం చూశాడు. ఇరవై ఆరేళ్ళ అలవాటు చొప్పున గ్లాసు వెనక్కి పట్టుకుపోబోయాడు.

"టీ ఇటివ్వు!" అని అరిచారు విశ్వంభరరావు గారు.

"రానోలికి టీ ఏటి బాబూ, ఆడిటోలు ఊరుకోరు."

ఆయన అన్నం కంచం ముందు పెట్టుకుని, గుడ్డు లేకుండా, టీ లేకుండా, రాకుండా, కొంచెంసేపు కూర్చున్నారు. తర్వాత తల తిప్పి రత్నం వైపు చూశారు. రత్నం పక్కనే కూర్చుని ఉంది, ఆమె కంచంలోనూ గుడ్డు లేదు. ఆమె తల దించుకోలేదు, ఎందుకో ఆ పూటకు మర్చిపోయింది.

"జూన్ నుంచా?" అన్నారాయన, మామూలు గొంతుతో.

"ఊఁ."

సవరణల ఆమోద సంఘం ఆ మధ్యాహ్నమే ఫోనులో సమావేశమై, పదకొండు నిమిషాల్లో ఒప్పుకుంది. తీర్మానం విశ్వంభరరావు గారే చెప్పి రాయించారు. 'యంత్రము ఎన్నడును పొరపడలేదు. అయితే వాస్తవము ఒక అర పక్కకు జరిగి యున్నట్లు గుర్తించడమైనది. వాస్తవమును యథాస్థానమునకు తెచ్చుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది.'

శశిరేఖ మార్చిపెట్టిన ఒక్క అంకె బడి వదిలే గంటకు ముందే వచ్చి చేరింది. అరల్లో రాసినవన్నీ మొదటి నుంచీ సరైనవే గనక, చదివే తీరు మారగానే జూన్ నుంచి ఉన్న రోజులన్నీ వాటంతటవే ఎవరివి వాళ్ళ చోటికొచ్చి కూర్చున్నాయి. పద్మ గుడ్డు లేని రెండు రోజులూ రామినాయుడికి చేరాయి. భాస్కర్ చేపలన్నీ బయటపడ్డాయి. ఇక ఒక్క రోజు కూడా మానకుండా వస్తే తప్ప పరీక్ష రాయలేడని తేలాక, మర్నాడు తన సంచీ తనే మోసుకొచ్చుకున్నాడు. దారిలో మోహిని ఏడిపించింది, "బాగా సదువుకో" అని.

ఒకటో నంబరుకు నూట పన్నెండు రోజులకు నూట పన్నెండు వచ్చాయి. జాబితాలో దమయంతికి పైన ఒక పేరు చేరింది.

"ఇప్పుడు సరిగ్గా ఉన్నాది" అంది దమయంతి, తన పేరు రెండో చోటుకు దిగినందుకు తెగ మురిసిపోతూ.

ఊరి హాజరు మొత్తం మీద కొంచెం తగ్గింది. ఎందుకు తగ్గిందో విచారించడానికి జిల్లా కార్యాలయం వారు ఒక సంఘాన్ని వేశారు. అది ఇంకా విచారిస్తోంది. షీల్డును మాత్రం వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలంటే ఎవరో ఒకరు ఇచ్చి ఉండాలి.

వారం తర్వాత శశిరేఖ ఫోను చేసింది. "ఇంకొక్క పరీక్ష మిగిలిందమ్మా. నువ్వు వచ్చిన రోజు వచ్చావంటోందా, సరే. రాని రోజు ఏమంటుందో చూడాలి కదా. నువ్వు రాకపోయినా దమయంతి వచ్చినట్టే పడాలి. నీకు కుదిరినప్పుడు ఒక్కరోజు మానెయ్యి."

"ఎప్పుడైనా పర్లేదాండి?"

"ఎప్పుడైనా."

ఆ మధ్యాహ్నమే ఇంకో కాగితం వచ్చింది. జిల్లా మొత్తానికి నూటికి నూరు హాజరున్న విద్యార్థిని ఒక్కతే తేలింది గనక, డిసెంబరు మూడో తేదీన విశ్వంభరరావు గారు ఆమెను వేదికపైకి పిలిచి శాలువా కప్పుతారట. ఆమె రెండు నిమిషాలు తన అనుభవాలను గురించి ప్రసంగించవలెనట.

రత్నం ఆ రెండు నిమిషాలు అన్నచోట చాలాసేపు చూసింది.

డిసెంబరు మూడున బళ్ళో మైకు కట్టారు. విశ్వంభరరావు గారు వచ్చారు, వేలు పెట్టారు, హాజరయ్యారు. శాలువా పళ్ళెంలో పెట్టి ఉంది. తవుడు కాగితం పట్టుకుని పదో తరగతి గుమ్మంలో నిలబడి, "ఒకటో నంబరు రాలేదు" అని చదివాడు. తలెత్తాడు. మొదటి బెంచీలో దమయంతి పక్కన చోటు ఖాళీగా ఉంది. కాగితం చూశాడు. బెంచీ చూశాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి రెండూ ఒక్కటే చెప్పేసరికి ఆయనకు కాస్త కంగారు పుట్టింది.

"రాలేదండీ!" అని వేదిక దగ్గరికి పరుగెత్తాడు. "ఈపాలి నిజంగానే రాలేదండీ!"

ఆ సమయానికి రత్నం ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. ఎర్రమ్మ చోడి అంబలి చెంబుతో వచ్చింది, రోజూలాగే.

"యంత్రం బాగయిపోనాది కదత్తా. ఇంకా ఎందుకు తెస్తన్నావు?"

"తెల్లారగానే కాళ్ళిటే వచ్చీసినాయే. తాగు" అని ఎర్రమ్మ పక్కనే కూర్చుంది. "ఏటి, బడికెల్లలేదేటి? తుమ్మినావా?"

లోపల ఫోను మోగింది. అప్పన్న బట్టీకి వెళ్ళబోతూ తీసి చూశాడు. నూట పన్నెండు సార్లు వచ్చిన కబురే. అలవాటుగా "ఇదిగో, మీ గుంట బడికి..." అని మొదలుపెట్టి, అరుగు మీద కూతుర్ని చూసి ఆగిపోయాడు. మళ్ళీ ఒకసారి నెమ్మదిగా, అక్షరం అక్షరం చదువుకున్నాడు. తర్వాత పెద్దగా నవ్వాడు.

"ఓలే గౌరీ, ఇలాగొచ్చి సూడు! ఇది నిజం సెప్పీసినాది!"

రత్నం అంబలి గ్లాసు పక్కన పెట్టి, దమయంతి సుమిత్ర టీచరు ఫోనులోంచి చేసేదాకా ఆగింది. చేసింది. రెండో నంబరు వచ్చినట్టే పడిందట. శాలువా పళ్ళెంలోనే ఉందట, ప్రసంగం హెడ్మాస్టారు చేస్తున్నారట, ఇంకా అవలేదట.

రత్నం నోటుబుక్కు తెరిచింది. ఖాళీగా ఉన్న చివరి పేజీలో రెండు గీతలు గీసి, ఇటు ఒకటి, అటు ఒకటి వేసింది. కింద రాసింది:

'డిసెంబరు 3. ఒకటో నంబరు రాలేదు. సరిగ్గా ఉంది.'